ఊపిరితిత్తి గడ్డ రక్తనాళంలోకి దిగితే

(నల్లగొండలో ఆశా కార్యకర్తలు, నర్సింగ్ విద్యార్థులు, పేషెంట్ల ఇంటివాళ్లు కూర్చున్న ఒక అవగాహన సభలో పాథాలజీ డాక్టర్ ఒకరు మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసిన పాఠం. చివర్లో సభలోంచి వచ్చిన మూడు ప్రశ్నలున్నయి.)

అందరికీ నమస్కారం. ఎనక కూర్చున్నోళ్లకు వినబడుతుందా? సరే.

నేను పేషెంట్‌ను చూసే డాక్టర్‌ను కాదు, పేషెంట్ నుంచి తీసిన ముక్కను చూసే డాక్టర్‌ను. ఆపరేషన్ చేసిన సర్జన్ పేరు మీకు యాదికుంటది, కీమో ఇచ్చిన డాక్టర్ పేరు యాదికుంటది. రిపోర్టు కింద సంతకం పెట్టిందెవరో ఎవ్వరికీ తెల్వదు. దాని గురించి నాకేం బాధ లేదు. కాని ఆ రిపోర్టులో ఒక లైను ఉంటది, ఇయ్యాల దాని గురించే మాట్లాడుత. ఊపిరితిత్తి క్యాన్సర్‌కు ఆపరేషన్ అయినంక వచ్చే రిపోర్టులో ‘వాస్కులర్ ఇన్వేజన్’ అని ఉంటది. గడ్డ కణాలు రక్తనాళం గోడ తెంపుకొని లోపలికి పోయినయా లేదా అన్నది అక్కడ రాస్తం. ఇంటివాళ్లు దాన్ని చదవరు. గడ్డ ఎన్ని సెంటీమీటర్లు, ఎన్నో స్టేజి, ఈ రెండే అడిగి ఫైలు మూసేస్తరు.

సైజు ముఖ్యం కాదని నేను అనను. స్టేజి లెక్క మొదలయ్యేదే సైజుతోని. గడ్డ 3 సెంటీమీటర్ల లోపు ఉండి, లింఫ్ గడ్డలకు, అంటే లింఫ్ నాళాల దారిలో అందరికీ ఉండే చిన్న బుడిపెలకు, పాకకపోతే 1ఏ స్టేజి. అందులో మళ్లీ ఒక సెంటీమీటరు లోపు, 2 లోపు, 3 లోపు అని మూడు మెట్లు. చానా దేశాల పేషెంట్ల వివరాలు పోగేసి తయారు చేసిన స్టేజి లెక్కల పుస్తకం 8వ ఎడిషన్ ప్రకారం, ఆపరేషన్ అయ్యి ముక్క పరీక్షలో స్టేజి తేలినోళ్లలో ఐదేండ్ల తర్వాత బతికున్నోళ్లు మొదటి మెట్టులో 90 శాతం, రెండో మెట్టులో 85, మూడో మెట్టులో 80. గడ్డ 3 దాటి 4 సెంటీమీటర్ల లోపు ఉంటే అది 1బి, అక్కడ 73 శాతం. 2025 జనవరి నుంచి 9వ ఎడిషన్ నడుస్తుంది. సైజు మెట్లు మాత్రం మారలే.

ఇప్పుడు 85 శాతం కాడ ఆగుదాం. మిగిలిన 15 మంది సంగతేంది? వాళ్ల గడ్డ కూడా 2 సెంటీమీటర్ల లోపలిదే. లింఫ్ గడ్డల్లో ఏం లేదు. సర్జన్ మొత్తం తీసేసిండు, అంచుల్లో కణాలు మిగల్లే. వాళ్లలో కొందరు గుండె జబ్బుతోనో ఇంకేదో కారణంతోనో పోయి ఉంటరు, వయసు మీదపడ్డ మనుషులు గదా. కాని కొందరికి ఏడాదికో, రెండేండ్లకో మెదడులో గడ్డ తేల్తది. లేకపోతే వెన్నెముకలో. ఊపిరితిత్తి ఫొటో చూస్తే అక్కడ శుభ్రంగానే ఉంటది. అంటే సర్జన్ కత్తి పెట్టకముందే కొన్ని కణాలు బయటపడ్డయి. ఏ దారిన పడ్డయి అన్నదే మన ముచ్చట.

దీనికి ముందు ఊపిరితిత్తి ఎక్కడ ఉందో, అంటే రక్తం తిరిగే దారిలో ఎక్కడ ఉందో చూడాలె. పెద్దపేగు క్యాన్సర్ సిరలోకి దిగిందనుకోండి, ఆ రక్తం ముందు కాలేయానికి పోతది, చానా కణాలు అక్కడే ఆగుతయి. రొమ్ము క్యాన్సరో, కిడ్నీ క్యాన్సరో సిరలోకి దిగితే గుండె కుడిదిక్కుకు వచ్చి, అక్కడినుంచి ఊపిరితిత్తికి పోయి, వెంట్రుక కన్నా సన్నటి నాళాల్లో చిక్కుకుంటది. అందుకే వేరే అవయవాల క్యాన్సర్లు ఊపిరితిత్తికి అన్నిసార్లు పాకుతయి. మరి ఊపిరితిత్తిలోనే పుట్టిన గడ్డకు? దాని ముందు ఏ అడ్డమూ లేదు. మంచి రక్తాన్ని తీస్కపోయే పల్మనరీ సిరలు మామూలుగా నాలుగు ఉంటయి, నాలుగూ నేరుగా గుండె ఎడమదిక్కుకే చేరుతయి. అక్కడినుంచి బృహద్ధమని, అక్కడినుంచి ఒంట్లో అన్ని జాగలకు. మెదడు మన బరువులో 2 శాతమే గాని, గుండె పంపే రక్తంలో 15 నుంచి 20 శాతం దానికే పోతది. ఊపిరితిత్తి క్యాన్సర్ మెదడుకు ఎందుకు అంత తొందరగా పోతదని అడుగుతరు చూడండి, జవాబులో సగం ఇక్కడే ఉంది.

మిగతా సగం లింఫ్ నాళాలకు, రక్తనాళాలకు ఉన్న తేడాలో ఉంది. పొలం కాడి పిల్లకాలువలో గుర్రపుడెక్క ముక్క పడితే ఆ మడిలోనో పక్క మడిలోనో ఆగుతది, పోయి తీసి పారేయొచ్చు. అదే ముక్క హాలియా కాడ సాగర్ ఎడమ కాలువలో పడితే మిర్యాలగూడ దాటి, హుజూర్‌నగర్ దాటి, ఖమ్మం జిల్లా దాకా పోతది. ఏ తూము కాడ తట్టుకొని మొలుస్తదో ఎవ్వరు చెప్తరు? లింఫ్ నాళంలో పోయిన కణం పిల్లకాలువ లెక్క. ముందు దగ్గరి లింఫ్ గడ్డలో ఆగుతది, సర్జన్ ఆ గడ్డలను కూడా తీస్తడు, మేము ఒక్కొక్కటి కోసి చూస్తం. సిరలోకి దిగిన కణం పెద్దకాలువలో పడ్డట్టు. రెండూ మంచివి కావు. కాని రక్తనాళంలోకి దిగిన గడ్డలు దూరం జాగల్లో తిరగబెట్టుడు ఎక్కువని, చిన్న గడ్డల మీద చేసిన చానా అధ్యయనాల్లో తేలింది. సైజుతో సంబంధం లేకుండా, స్టేజి ఒకటే అయినా.

అట్లని దిగిన ప్రతి కణం మొలవదు. నెత్తురులో క్యాన్సర్ కణాలు తిరుగుతయని 1869లోనే ఆస్ట్రేలియాలో ఆష్‌వర్త్ అనే డాక్టర్ మైక్రోస్కోపులో చూసి రాసిండు. 1889లో ఇంగ్లండ్‌లో స్టీఫెన్ పేజెట్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది వివరాలు చూసి, కణం ఎక్కడికైనా పోవచ్చు గాని అన్ని నేలల్లో మొలవదని చెప్పిండు. 1970లో ఫిడ్లర్ ఎలుకల నెత్తురులోకి గుర్తులు పెట్టిన క్యాన్సర్ కణాలను ఎక్కించి చూసిండు. ఒక్క రోజులోనే దాదాపు అన్నీ చచ్చిపోయినయి. చివరికి మిగిలి గడ్డ కట్టినయి వెయ్యికి ఒకటి కూడా లేవు. నెత్తురు ఒరవడికి కొన్ని పగుల్తయి, కొన్నింటిని మన రక్షణ కణాలే తింటయి. కాబట్టి రిపోర్టులో ‘ఉంది’ అని చూడంగనే ఇంట్ల ఏడుపులు మొదలుపెట్టొద్దు. జబ్బు తిరగబెట్టే అవకాశం పెరిగిందని దానర్థం. తిరగబెట్టిందని కాదు.

ఇప్పుడు మా లేబొరేటరీకి వద్దాం. నర్సింగ్ పిల్లలు ఉన్నరు కాబట్టి ఇక్కడ జర ఎక్కువ సేపు చెప్త.

ఆపరేషన్‌లో తీసిన ఊపిరితిత్తి భాగం ఫార్మలిన్‌లో, అంటే ముక్క చెడిపోకుండా ఉంచే మందునీళ్లలో, వస్తది. దాన్ని కోసి, గడ్డ కొలిచి, ముక్కలు తీసి మైనంలో దిమ్మలు కడతం. ఆ దిమ్మ నుంచి 4 మైక్రాన్ల పొర కోస్తం, మిల్లీమీటరులో 250వ వంతు అన్నట్టు. రోజువారీ రంగు వేస్తే కణాల కేంద్రకాలు నీలంగా, మిగతాది గులాబీగా కనిపిస్తది. ఇగ నాళాలు వెతకాలె. చెప్పినంత అలక కాదు. గడ్డ సిరలోకి దిగినప్పుడు సిర సిరలెక్క మిగలదు. లోపలంతా గడ్డ నిండుతది, గోడ కరిగిపోతది, చుట్టూ మచ్చ కడతది. చూసేటోళ్లకు అదంతా ఒక్క గడ్డే అనిపిస్తది. ధమని అయితే పక్కనే గాలిగొట్టం నడుస్తది కాబట్టి జాడ దొరుకుతది, సిరలు వేరే దారిలో, ఊపిరితిత్తి చిన్న భాగాల నడుమ ఉన్న గోడల వెంట పోతయి. గాలిగొట్టం ఉండి దాని పక్కన ధమని కనబడుతుందంటే, వాటికి దూరంగా ఉన్న గుండ్రటి గడ్డ ముద్ద ఒకప్పటి సిరనేమో అని అనుమానపడాలె.

అనుమానం తీర్చేది ఎలాస్టిక్ స్టెయిన్. రక్తనాళం గోడలో సాగే పోగులుంటయి, గోడంతా నాశనమైనా అవి చానాసార్లు మిగుల్తయి. వెర్హాఫ్ రంగు వేస్తే ఆ పోగులు నల్లటి వంకర గీతలై తేల్తయి. గులాబీ రంగులో వట్టి గడ్డ అనుకున్నది, నల్ల గీత చుట్టూ కనబడంగనే సిర అని తేలిపోతది. రోజువారీ రంగు ఒక్కదానితో చూస్తే తప్పిపోయే నాళాలు ఈ రంగుతో చానా దొరుకుతయి. ఇంకో లాభం, ఊపిరితిత్తి పైపొర దాటిందా లేదా అన్నది కూడా ఇదే రంగుతో తేల్తది. పైపొర సాగే పోగుల వరస దాటితే 3 సెంటీమీటర్ల లోపు గడ్డ కూడా టీ2లోకి, అంటే గడ్డ లెక్కలో ఒక మెట్టు పైకి, పోతది. ఒక్క స్టెయిన్, రెండు జవాబులు. ఖరీదైన మందు కూడా కాదు, పాత రసాయన రంగు. లింఫ్ నాళాలకైతే డీ2-40 అనే ఇంకో స్టెయిన్ ఉంది, అది జర ఖర్చు. సీడీ31 రక్తనాళం లోపలి పొరను చూపిస్తది.

ఉత్తగ భయపెట్టే గుర్తులు కూడా ఉంటయి. ఫార్మలిన్‌లో ముక్క ముడుచుకున్నప్పుడు గడ్డ ముద్ద చుట్టూ ఖాళీ ఏర్పడి, నాళంలో ఉన్నట్టే కనిపిస్తది. కత్తితో కోసేటప్పుడు నాలుగు కణాలు ఎగిరి పక్క నాళంలో పడొచ్చు. అందుకే కణాలు గోడను అంటుకొని ఉన్నయా, లోపల గోడ పొర వాటిని కప్పిందా అని చూస్తం. ఇద్దరు పాథాలజిస్టులు ఒకే స్లైడ్ మీద ఒక్కోసారి ఒప్పుకోరు. ఇది దాచాల్సిన సంగతేం కాదు. మైక్రోస్కోపులోనే కనబడే చిన్న నాళంలో చొరబాటును ఇప్పటికీ స్టేజి లెక్కలో కలపకపోవడానికి ఇదొక పెద్ద కారణం అనుకుంట. ఒక్కో లేబొరేటరీలో ఒక్కో తీరు వెతుకుతుంటే ప్రపంచానికంతటికీ ఒకే లెక్క ఎట్ల కుదురుతది?

అయినా లోకం ఈ లైనుకు విలువ ఇవ్వలేదని కాదు. ఒక్క ఉదాహరణ చాలు. ఊపిరితిత్తి క్యాన్సర్లలో అడినోకార్సినోమా అని ఒక రకం, అందులో మినిమల్లీ ఇన్వేజివ్ అడినోకార్సినోమా అని ఒకటి ఉంది. గడ్డ 3 సెంటీమీటర్ల లోపు, అందులో లోపలికి చొచ్చుకుపోయిన భాగం 5 మిల్లీమీటర్ల లోపు. పూర్తిగా తీసేస్తే దాదాపు అందరూ బతికి బయటపడే జబ్బు. కాని ఒక షరతు ఉంది. ఎక్కడన్నా ఒక్క రక్తనాళంలోనో, లింఫ్ నాళంలోనో కణాలు కనబడితే ఆ పేరు పెట్టొద్దు. చొరబాటు 2 మిల్లీమీటర్లే ఉన్నా సరే, పేరు పోతది, దాంతోపాటు ఆ భరోసా పోతది. మిల్లీమీటర్ల కన్నా నాళానికి ఎక్కువ విలువ ఇచ్చిన జాగ ఇది.

పెద్ద నాళాల సంగతి వేరు. బృహద్ధమని, పైనుంచి నెత్తురు తెచ్చే సుపీరియర్ వీనా కావా, గుండె సంచి లోపలి పల్మనరీ నాళాలు, వీటిలోకి గడ్డ చొచ్చుకుంటే సైజు ఎంతున్నా నేరుగా టీ4, గడ్డ లెక్కలో అన్నిటికన్నా పై మెట్టు. అది సీటీలోనే కనిపిస్తది, మైక్రోస్కోపు అక్కరలేదు. ఆశా అక్కలు ఒకటి గుర్తుపెట్టుకోండి. పొద్దున లేవంగనే మొకం ఉబ్బి, మెడ మీద నరాలు తేలి, ముందుకు వంగితే తల బరువెక్కుతుందని ఎవరన్న చెప్తే, అది కిడ్నీ వాపు అని ఇంట్ల కూర్చోబెట్టొద్దు. పైసిర మీద గడ్డ ఒత్తుతుండొచ్చు. అదే రోజు పెద్ద దవాఖానకు పంపాలె. దగ్గులో నెత్తురు పడుడు కూడా అంతే. పెద్ద నాళాన్ని ఆనుకొని ఉన్న గడ్డకు కొన్ని మందులు ఇయ్యడానికి డాక్టర్లు జంకుతరు. గడ్డకు కొత్త నాళాలు మొలవకుండా ఆపే బెవాసిజుమాబ్ అట్లాంటిదే, నెత్తురు కక్కే ప్రమాదం ఉంటది.

ఇగ మన జిల్లా సంగతి. ఇప్పటిదాక చెప్పిన రిపోర్టు లైను ఎవరికి వస్తది? ఆపరేషన్ అయినోళ్లకే. సూదితో తీసిన సన్న ముక్కలో నాళం దొరకొచ్చు, దొరకకపోవచ్చు. అందులో ‘కనిపించలేదు’ అంటే ఏం లెక్క కాదు. మనోళ్లలో ఎక్కువ మంది ఆపరేషన్ దాకా రానే రారు, వచ్చేసరికే మూడో స్టేజో నాలుగో స్టేజో. దగ్గు, తెమడ, నెత్తురు జీర, బరువు తగ్గుడు, ఇయ్యన్ని చూసి ముందు టీబీ అనుకుంటరు. టీబీ అనుకోవడం తప్పు కాదు, మన దగ్గర టీబీనే ఎక్కువ. తెమడ పరీక్షలో క్రిమి లేకున్నా మందులు మొదలుపెట్టి, ఎక్స్‌రేలో మచ్చ తగ్గకున్నా నెలల తరబడి అవే మింగించుడు కాడ నాకు కోపం వస్తది. క్రిమి దొరకలేదు, మచ్చ తగ్గలేదు అంటే సీటీ తీయాలె, ముక్క తీయాలె.

ఇంకోటి. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన తరం ఉంది. అక్కడ నడుం నొప్పి అంటే ఎవ్వరూ పట్టించుకోరు, ఫ్లోరైడే అంటరు. బీడీయో చుట్టో తాగే 50 దాటిన మనిషికి కొత్తగా నడుం నొప్పి మొదలై, రాత్రి పండుకున్నా తగ్గక, వారం వారం పెరుగుతుంటే ఒక్క ఎక్స్‌రేకన్న పంపండి. సిరలో పోయిన కణం వెన్నెముకలో ఆగినప్పుడు వచ్చే నొప్పి అట్లనే ఉంటది. దేవరకొండ నుంచి, పాలమూరు నుంచి వలసపోయి రాళ్లు కొట్టినోళ్లు, కట్టడం పనిలో ఏండ్లకేండ్లు దుమ్ము పీల్చినోళ్లు కూడా ఈ లెక్కలోకి వస్తరు. రాతి దుమ్ములోని సిలికా మనిషికి క్యాన్సర్ తెస్తదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద క్యాన్సర్ పరిశోధన చేసే ఐఏఆర్‌సీ 1997లోనే తేల్చింది. బీడీ ముట్టకున్నా సరే, ఊపిరితిత్తి క్యాన్సర్ రాదని అనుకోవద్దు.

వైద్యం గురించి తొందరగా చెప్పి ప్రశ్నలకు పోదాం. 1బి, 2ఏ స్టేజిల్లో ఆపరేషన్ అయినంక కీమో ఇయ్యాల్నా వద్దా అని ఊగిసలాట ఉన్నప్పుడు, రక్తనాళంలో చొరబాటు ఉంటే తక్కెడ ఇయ్యాలె అనే దిక్కు మొగ్గుతది. అమెరికా మార్గదర్శకాల్లో దీన్ని ప్రమాద లక్షణాల్లో ఒకటిగా రాసిన్రు. గడ్డ కణాల్లో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉన్నోళ్లకు, మన దేశంలో అడినోకార్సినోమా పేషెంట్లలో నలుగురిలో ఒకరికి అటుఇటుగా అది ఉంటది, ఆపరేషన్ తర్వాత ఓసిమెర్టినిబ్ గోలీ మూడేండ్లు ఇచ్చి చూసిన్రు. 1బి నుంచి 3ఏ దాకా ఉన్నోళ్లలో ఐదేండ్లకు బతికున్నోళ్లు గోలీ తిన్నోళ్లలో 88 శాతం, తిననోళ్లలో 78. అందుకే ముక్క తీసిన దిమ్మను పారేయనీయొద్దు. ఈ పరీక్షలన్ని దాని మీదనే చేస్తరు. రిపోర్టు జిరాక్స్ ఇంట్ల ఉన్నా, దిమ్మ ఏ లేబొరేటరీలో ఉందో నంబర్‌తో సహా రాసిపెట్టుకోండి.

అడగండి.

(ఒక ఆశా కార్యకర్త: మేడం, సూది గుచ్చి ముక్క తీస్తే కణాలు నెత్తురులో పడి జబ్బు ఇంకా పాకుతదని ఊర్ల అంటరు. అందుకే ముక్క వద్దంటుండ్రు.)

ఊర్ల అందరూ అనే మాటే అక్కా. సూది దారిలో గడ్డ మొలవడం ఉంటది గాని చానా అరుదు. ముక్క తీయకుంటే ఏ రకం క్యాన్సరో తెల్వదు, తెల్వకుంటే మందు లేదు. గడ్డకు నాళంలోకి పోయే గుణం ఉంటే సూది కోసం ఆగదు, తనంత తనే పోతది. ముక్క ఆలస్యమైన ప్రతి నెలా దానికే లాభం అని చెప్పండి వాళ్లకు.

(ఒక యువకుడు: మా బాపుకు ఆపరేషన్ అయింది మేడం. గడ్డ 1.8 సెంటీమీటర్లు, 1ఏ2 అన్నరు. రక్తనాళంలో ఉంది అని రాసిన్రు. కీమో రాయలే. మేమే అడిగి రాయించుకోవాల్నా?)

వద్దు బిడ్డా. ఆపరేషన్ తర్వాత కీమో మీద పెద్ద పెద్ద పరీక్షలన్నీ కలిపి 2008లో లెక్క కట్టిన్రు. మొత్తం మీద ఐదేండ్లకు నూటికి ఐదుగురికి లాభం. ఆ లాభం రెండో స్టేజి, మూడో స్టేజిల్లోనే గట్టిగ కనిపించింది. 1ఏలో లాభం కనబడలే, ఇంకా నష్టం దిక్కే మొగ్గింది. నాళంలో చొరబాటు ఉన్న 1ఏ వాళ్లకు కీమో ఇస్తే మేలు జరుగుతదని ఒప్పించే రుజువు ఇంకా లేదు. కీమో రాయనందుకు మీ డాక్టర్ మీద అనుమానపడకండి. అడగాల్సింది వేరే ఉంది. ఎలాస్టిక్ స్టెయిన్ చేసి చెప్పిన్రా, నాళం రక్తానిదా, లింఫ్‌దా? ఎన్ని లింఫ్ గడ్డలు చూసిన్రు? పైపొర దాటిందా? పైపొర దాటి ఉంటే స్టేజే మారుతది, అది 1బి అయితది, అప్పుడు ఈజీఎఫ్ఆర్ పరీక్ష, గోలీ మాట వస్తయి. బాపు బీడీ తాగుతడా?

(మానేసిండు మేడం, ఆపరేషన్‌కు ముందే.)

మంచిది. మళ్ల ముట్టనీయకండి.

(ఒక రిటైర్డ్ టీచర్: అమ్మా, మా ఇంటామె రిపోర్టులో మీరు చెప్పిన లైనే లేదు. ఉన్నదని లేదు, లేదని లేదు. అట్లుంటే ఏమనుకోవాలె?)

చూడలేదనుకోవాలె సార్, లేదని అనుకోవద్దు. కొట్లాట ఏం అక్కరలేదు. ఆ లేబొరేటరీకి పోయి, వాస్కులర్ ఇన్వేజన్ గురించి అనుబంధ రిపోర్టు ఇయ్యమని మీ డాక్టర్‌తో చిట్టీ రాయించుకొని అడగండి. స్లైడ్లు ఉంటయి, దిమ్మ ఉంటది, మళ్ల కోసి స్టెయిన్ వేసి చూడొచ్చు. వాళ్లు చేయలేమంటే దిమ్మ తీస్కొని హైదరాబాద్‌ల ఎంఎన్‌జే దవాఖానకో నిమ్స్‌కో పోయి రెండో అభిప్రాయం తీసుకోవచ్చు. ఏ జవాబు వచ్చినా ఫాలోఅప్ మాత్రం తప్పించొద్దు. మొదటి రెండు మూడేండ్లు ఆరు నెలలకోసారి ఛాతీ సీటీ, ఆ తర్వాత ఏడాదికోసారి. తిరగబెట్టేటివి ఎక్కువ ఆ మొదటి రెండు మూడేండ్లలోనే బయటపడతయి. నడుమ తలనొప్పి, వాంతులు, ఒకదిక్కు చెయ్యి కాలు బలం తగ్గుడు కనబడితే ఆరు నెలల తారీఖు కోసం చూడకుండా అప్పుడే మెదడు స్కాన్ చేయించండి. ఆమె రిపోర్టు ఇప్పుడు మీ దగ్గర ఉందా సార్? ఉంటే సభ అయినంక ఇటు తీస్కరాండి, నంబర్ చూసి చిట్టీలో ఏం రాయించాల్నో చెప్త.